జర సుర్రుమంటది

కోడలంటే మారెమ్మకు చిన్నచూపు. ఆ కోడలి వీడియోలు చూసి మొహానికి పెరుగు పూసుకునే జనమంటే అంతకు రెట్టింపు చిన్నచూపు. పెరుగును దేవుడు అన్నంలో కలుపుకోవడానికి ఇచ్చాడనీ, దాన్ని చెంపలకు పులుముకుని, ఎండాక కడిగి మోరీలో పారబోసే మనుషులకు మళ్లీ ఒక కరువు రావాలనీ ఆమె గట్టి అభిప్రాయం. ఆ మాట పైకే అనేది. కాకపోతే కెమెరా ఆపాక అనేది.

కోడలు మమత పట్నం శివార్లలో పుట్టి పెరిగిన పిల్ల. కల్వకుర్తికి కాపురానికి వచ్చాక ఆమెకు పొద్దు పోలేదు. మొగుడు దివాకర్ సెల్‌ఫోన్ల దుకాణం తీయడానికి పొద్దున పోతే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. సరే, చేతిలో ఫోనుంది కదా అని అందాల చిట్కాల ఛానల్ ఒకటి పెట్టింది. మొదట్లో తన మొహమే చూపించుకుంది. పట్టుమని పదిమంది చూడలేదు. ఒకరోజు ఆమె మెంతుల గురించి ఉపన్యాసం ఇస్తుంటే వెనకాల నుంచి అత్త చేట పట్టుకుని నడిచిపోయింది. రూపాయి బిళ్లంత బొట్టు, వెండిలాంటి జుట్టు, ముక్కుకు పుల్ల, ముడతలు పడ్డా బిగువు చెడని చామనఛాయ మొహం. కింద వచ్చిన కామెంట్లన్నీ ఆమె గురించే. మెంతులు ఎవడికీ అక్కర్లేదు, ఆ అవ్వ ఏం వాడుతుందో అడగమన్నారు. అంతే, మమతకు దారి దొరికింది. ఛానల్ పేరు 'మారెమ్మవ్వ చిట్కాలు' అయింది.

అవ్వ ఏం వాడేదో అడగమని అంతమంది రాశారు గానీ, మమత మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే మారెమ్మ చెప్పేదే. పడుచుతనమంతా ఆమె మేస్త్రి వెంట ఊరూరా తిరిగి, ఎవరెవరి డ్యాములకో కాలువలకో మట్టి మోసింది. ఆ పనుల కాడ తాగే నీళ్లకే కొట్లాట. మొహం కడుక్కోవడానికి ఒక చెంబెడు మిగిలితే ఆ రోజు పెళ్లికూతురి కింద లెక్క. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత ఆమె విన్నదే గానీ, అందులోని సంపెంగ నూనెను కళ్లతో చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆమెను పీటేసి కూర్చోబెట్టి, "మా అవ్వ చెప్పిన రహస్యం" అని మొదలుపెట్టించేది మమత. మారెమ్మకు వాళ్ల అవ్వ జన్మలో చెప్పినవి రెండే మాటలు. ఒకటి, పొయ్యి ఆర్పు. రెండు, నోరు మూసుకో.

అయినా కూర్చునేది. వీడియోకొక కొత్త చీర, చీర మడత విప్పిన వాసన, సంతలో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆగి "అవ్వా" అని దండం పెట్టడం, ఇవన్నీ ఆమెకు చేదుగా ఏమీ లేవు. పలుకు మమతది, మొహం తనది, పూసుకునేది ఎవరో దిక్కుమాలినవాళ్లు. ఇందులో తనకు పోయేదేముందని సరిపెట్టుకునేది. శనగపిండి, తేనె, మీగడ, బాదం పలుకులు వరసగా గిన్నెల్లో పెట్టుకుని కెమెరాకు నవ్వేది. ఆ సరుకుతో ఒక పూట పండగ వంట వెళ్లిపోతుంది. తినకుండా మొహానికి రాసుకునేవాళ్లకు బలిసిందనాలో మతి పోయిందనాలో ఆమెకు తేలేది కాదు.

ఈ లోకంలో మారెమ్మ చిన్నచూపు చూడని మనిషి ఒక్కతే ఉంది. ఆమె అన్వరీ బేగం. వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతుంది. ఇద్దరూ ఒకే మేస్త్రి గుంపులో తట్టలు మోసినవాళ్లు. ఒకసారి పని కాడ సున్నం డబ్బా తిరగబడి మారెమ్మ కళ్లలో పడింది. అందరూ అయ్యో అన్నారు గానీ నీళ్ల క్యాను మూత విప్పినవాళ్లు లేరు, ఎవరి నీళ్లు వాళ్ల ప్రాణం. అన్వరీ మాత్రం తన వంతు నీళ్లు చుక్క మిగలకుండా ఆమె మొహం మీద పోసి, రెప్పలు విడదీసి కడిగి, ఆ రోజంతా తాను ఎండిన నోటితో మట్టి మోసింది. మారెమ్మ ఈ రోజు చూస్తున్న చూపు ఆ నీళ్ల చలవే.

అన్వరీకి కూతురి కూతురు ఉంది, గజాలా. తల్లి పోయాక, తాను నానీ అని పిలిచే అమ్మమ్మ దగ్గరే పెరిగింది. డిగ్రీ అయిపోయింది. జడ్చర్లలో కొత్తగా తెరుస్తున్న బట్టల షోరూంలో చీరలు చూపించే పనికి ఆమెను ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ మేనేజరు, "చేరే నాటికి ఆ చెంప మీది మంగు కాస్త తగ్గేలా చూసుకో, కస్టమర్లు మొహం చూస్తారు కదా" అన్నాడట. చీర కొనేవాళ్లు చీరను చూడక అమ్మే పిల్ల చెంపలెందుకు చూస్తారో ఆ పెద్దమనిషే చెప్పాలి. కానీ గజాలాకు ఆ పని కావాలి. అమ్మమ్మ కళ్లు సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చాయి. ఆ ఇంటికి ఇకమీదట వచ్చే సంపాదన ఏదైనా ఉంటే అది ఆ పిల్లదే.

"మా మారెమ్మ మొత్తం లోకానికే చెప్తాంది, నీకు చెప్పదా? ఆమె వీడియోలు చూడు" అని అన్వరీ మనవరాలితో అనేది. ఆ మాట మారెమ్మ ముందే చాలాసార్లు గర్వంగా అంది. అదంతా కోడలు ఆడించే బొమ్మలాటని స్నేహితురాలికి చెప్పెయ్యాలని మారెమ్మకు ఒకటి రెండుసార్లు అనిపించింది. అన్వరీ కళ్లలో ఆ మెరుపు చూసి ఊరుకుంది. పొగడ్త ఎవరికి చేదు?

ఆ రోజు మమత ఒక గిన్నెలో తెల్లటి ముద్ద పట్టుకొచ్చింది. అంతకు కాసేపటి ముందే, నిన్నటి వీడియోలో 'మొఖం' అని పల్లెటూరి దానిలా పలికావని అత్తను నలుగురిలో దిద్దింది. మారెమ్మ మూతి ఇంకా ముడుచుకునే ఉంది.

"ఇయ్యాల మంగు మచ్చలకు చిట్కా అత్తమ్మా. కాజు నానబెట్టి పాలతోటి నూరిన. నిమ్మకాయ పిండిన. నువ్వు మాత్రం కాజు అనకు" అంది మమత.

"కాజును కాజు అనక ఏమనాలె?"

"అది హిందీ మాట. పాతకాలం అవ్వ కాజు అంటదా? కోస్తా దిక్కు ఒకామె తన వీడియోల జీడిగింజలు అన్నది. ఎంత మంచిగున్నది మాట. నువ్వు గూడ గదే అను."

మారెమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. కోస్తాలో ఏమంటారో గానీ, ఈ గడ్డ మీద జీడిగింజ అంటే నల్లజీడి. పెంకులో తారులాంటి నూనె ఉంటుంది. ఉతికేవాళ్లు బట్టలకు చెరగని గుర్తు పెట్టేది దానితోనే. మిరపకాయలతో కలిపి గుమ్మానికి దిష్టికి కట్టేదీ అదే. ఒంటికి తగిలిందా, బొబ్బలెక్కి రసి కారుతుంది. వాళ్ల ఊళ్లో అయితే నడక నేర్చిన పిల్ల కూడా దాన్ని ముట్టుకోదు. 'ఈడ జీడంటే కాజు గాదు పిల్లా' అంటే సరిపోయేది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మారెమ్మ దాన్ని వెనక్కి మింగింది. అన్నీ తెలిసిన పట్నం పిల్ల కదా, పల్లెటూరి నోటితో తానెందుకు దిద్దాలి? లోకమంతా ఫోనులో చూసి నవ్వితే అప్పుడు తెలుస్తుంది ఎవరి పలుకు వంకరో. ఇక మొహానికి నల్లజీడి పెట్టుకునేంత పిచ్చిముండ ఈ జిల్లాలో ఎవతి ఉంటుంది?

కెమెరా వెలిగింది. మారెమ్మ పీట మీద సర్దుకుని, ముక్కుపుల్ల తళుక్కుమనేలా తల తిప్పింది.

"జీడిగింజలు తెచ్చుకోండ్రి. రాత్రి పాలల్ల నానేసి, పొద్దుగాల మెత్తగ నూరి, మొహానికి పట్టియ్యుండ్రి. నిమ్మరసం ఉంటది గాబట్టి జర సుర్రుమంటది, ఓర్సుకోండ్రి" అంది. అంతవరకు మమత నేర్పిన పలుకే. ఆపైన తనకే సరదా పుట్టి ఇంకో ముక్క కలిపింది. "సుర్రుమంటెనే పని చేస్తున్నట్టు లెక్క."

"ఆఖరు మాట నువ్వే కలిపినవా? సూపర్ అత్తమ్మా" అని మమత మురిసిపోయింది.

ఎవరైనా నవ్వుతారేమోనని మారెమ్మ కొన్నాళ్లు ఎదురుచూసింది. ఒక్కడూ నవ్వలేదు. గిన్నెలో తెల్లటి ముద్దే కనబడుతోంది కాబట్టి కొందరు కాజు అనుకున్నారు. మిగతావాళ్లు ఏమీ అనుకోకుండా, ఎప్పటిలాగే, చేతులు జోడించిన బొమ్మలు పెట్టి పోయారు. వీళ్లకు పేడ పూసుకోమన్నా ఆవుదా గేదెదా అని అడుగుతారు తప్ప ఎందుకని అడగరని మారెమ్మ అనుకుంది. ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది.

ఒక పొద్దున అన్వరీ వచ్చింది. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి నడిచివచ్చే మనిషి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చేతిలోని కాగితం పొట్లం విప్పి గడప మీద పెట్టింది. లోపల నల్లటి గింజలు నాలుగైదు ఉన్నాయి.

"ఇవి ఏంది మారెమ్మా?"

"జీడిగింజలు" అంది మారెమ్మ.

"మా ఇంట్ల భిలావా అంటం. భిలావా అంటె గజాలాకు తెలుసు, ముట్టుకోదు. జీడి అంటె గదేనని దానికి తెల్వది. నేను పెండ్లికని నకిరేకల్ పోయిన. వచ్చేటాల్లకు పిల్ల మొఖం గుమ్మడికాయంత అయ్యింది. కండ్లు తెరుస్తలేదు. దవాఖానల పండవెట్టినం." అన్వరీ గొంతు లేవలేదు, వణకలేదు. "జీడి అంటె ఏందో నీకు తెల్వదా?"

అబద్ధం చెప్పడానికి మారెమ్మకు నోరు రాలేదు.

"తెలుసు."

"మరెందుకు చెప్పినవ్?"

"ఎవరు పెట్టుకుంటరు తియ్యి అనుకున్న. గంత పిచ్చోళ్లు ఎవరుంటరు అనుకున్న."

అన్వరీ గడప మీది గింజల వైపు చూపించింది.

"దుకాణంల గవి చూసి, నల్లగున్నయేంది అని పిల్ల ఆగిందట. మారెమ్మవ్వ చెప్పింది గదా అని తెచ్చుకున్నది. మంట లేస్తె కడుక్కుందామని లేచిందట. సుర్రుమంటెనే పని చేస్తున్నట్టు అన్నది గదా అని, మళ్ల కూసున్నది. పిచ్చిది గాదు మారెమ్మా. నిన్ను నమ్మింది."

మారెమ్మ దవాఖానకు వస్తానని చెప్పులు వెతుక్కోబోయింది. అన్వరీ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు రాకు" అని చెప్పి వెళ్లిపోయింది. గింజలు గడప మీదే ఉన్నాయి.

లోపలి నుంచి అంతా విన్న మమత మొహం పాలిపోయింది. "జీడి అంటె కాజు గాదా అత్తమ్మా?" అని రెండు మూడుసార్లు అడిగింది. కళ్ల నీళ్లు కూడా పెట్టుకుంది. ఆ నీళ్లు ఆరకముందే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

"ఒక పని చేద్దామా? జీడి పొక్కులు తగ్గేటందుకు చిట్కా చెప్తె? గిట్లనే ఇంక ఎవరన్న పెట్టుకొని ఉంటె వాళ్లకు పనికొస్తది. కొబ్బరినూనె, చింతాకు..."

మారెమ్మ కోడలి వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈ పిల్లను ఎంత చులకనగా చూసిందో అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. మమత తెలియక చెప్పించింది. తాను తెలిసీ చెప్పింది. ఈ ఇంట్లో ఉమ్మేయాల్సిన మొహం ఏదన్నా ఉంటే అది ముక్కుపుల్ల పెట్టుకున్నదే.

"వీడియో తియ్యి" అంది.

మమత గబగబా కొత్త చీర తీసింది. మారెమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లో కట్టుకునే చీరతోనే, పీట కూడా వేసుకోకుండా, నేల మీద కూర్చుంది. నల్లగింజ ఒకటి వేలితో తాకకుండా చెంచాలో పెట్టి కెమెరాకు చూపించింది.

"నా పేరు మారెమ్మ. నేను మట్టి మోసిన మనిషిని. మా అవ్వ నాకు ఏ చిట్కా చెప్పలే. నేను మీకు చెప్పినయి నావి గావు, నేను ఏ ఒక్కటి మొఖానికి పెట్టుకోలే. జీడిగింజ అంటె ఇది. దీన్ని మొఖానికి పెట్టుకోమని నేనే చెప్పిన. పొక్కుతదని తెలిసే చెప్పిన. మీరు పిచ్చోళ్లని నవ్వుకుంట చెప్పిన. నా మాట విని ఒక పిల్ల మొఖం కాల్చుకున్నది. ఎవరన్న పెట్టుకొని ఉంటె నీళ్లతోటి కడుక్కొని దవాఖానకు పోండ్రి. నన్ను ఏది అడగకుండ్రి. నాకేం తెల్వది."

మమత ఫోను దించి, "ఇది పెడితె ఛానల్ మునుగుతది" అంది.

"పెట్టు. పాతది తీసెయ్. లేకుంటె ఈ మొఖం నీకు మళ్ల దొరకది."

మమత పెట్టింది, పాతది తీసేసింది కూడా. ఛానల్ మునగలేదు. మునుగుతుందేమోనని ఆశపడిన మారెమ్మకు జనం సంగతి ఇంకా పూర్తిగా తెలియదన్నమాట. మమత కామెంట్లు చదివి వినిపించింది. 'అవ్వకు ఎంత వినయమో' అని ఒకామె. 'నిజమైన వైద్యం తెలిసినవాళ్లు ఏమీ తెలియదనే అంటారు' అని ఇంకో మహానుభావుడు. 'అవ్వా, మీరు మళ్లీ రావాలి, మా పాపకు మొటిమలు' అని మరొకరు. తాను వాళ్లను పిచ్చోళ్లన్న ముక్క ఒక్కరి చెవికీ ఎక్కలేదు. మారెమ్మ ఫోను పక్కకు నెట్టేసి వెళ్లి చేట అందుకుంది. ఆ తర్వాత మళ్లీ కెమెరా ముందు కూర్చోలేదు.

మారెమ్మ అన్వరీ ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచింది గానీ తలుపు తట్టలేకపోయింది. కుట్టుమిషను చప్పుడు వినబడేది. ఒక కుట్టు, ఆగడం, దారం కోసం తడుముకోవడం, మళ్లీ ఒక కుట్టు. షోరూం తెరిచారనీ, గజాలా జాగాలో వేరే పిల్లను పెట్టుకున్నారనీ బజారులో ఎవరో చెప్పగా విన్నది.

ఒక మధ్యాహ్నం మారెమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తుంటే గజాలా వచ్చింది. మొహం చుట్టూ చున్నీ గట్టిగా చుట్టుకుని ఉంది. కూర్చున్నాక మెల్లగా విప్పింది. వాపు పోయింది, కళ్లు ఎప్పటి కళ్లే. కానీ నుదురూ రెండు చెంపలూ మాడిన జొన్నరొట్టెలా మచ్చలు మచ్చలుగా నల్లబడ్డాయి. మునుపటి మంగు ఆ నలుపులో ఎక్కడుందో కూడా తెలియడం లేదు. మారెమ్మ చింతపండు చేతులతోనే ఆ పిల్ల పాదాలు పట్టుకోబోయింది. గజాలా కంగారుగా కాళ్లు వెనక్కి తీసుకుంది.

"గట్ల చెయ్యకు అవ్వా. నేను వచ్చినట్టు నానీకి తెల్వది. మమతక్క ఇంట్ల ఉన్నదా?"

"లేదు బిడ్డా, దుకాణం కాడికి పోయింది."

గజాలా వీధి వైపు ఒకసారి చూసి దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

"ఈ నలుపు పోవాలంటె ఏం పెట్టాలె? కొత్తకోటల ఇంకో షోరూం తెరుస్తున్నరట. వీడియోల చెప్పకు. నాకొక్కదానికే చెప్పు."

మారెమ్మ చింతపండు పక్కకు జరిపింది.

"నాకేం తెల్వదని చెప్పిన గదా బిడ్డా. నువ్వు చూడలేదా?"

"చూసిన. గది లోకానికి చెప్పినవ్."

మారెమ్మ లేచి లోపలికి వెళ్లింది. కుండలోని నీళ్లు చెంబుతో ముంచుకొచ్చింది. సున్నం పడ్డ రోజు అన్వరీ పోసిన నీళ్లు ఇంతకంటే తక్కువే ఉండి ఉంటాయి. ఆ సంగతి ఈ పిల్లకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. చెంబు గజాలా ముందు పెట్టింది.

"డాక్టరు ఇచ్చిన మందు రాయి. ఎండల తిరగకు. సల్లటి నీళ్లతోటి కడుక్కో. గంతకంటె నాకు నిజంగ తెల్వది. మీ నానీ మీద ఒట్టు."

గజాలా చెంబులోకి చూసింది. మారెమ్మ మొహంలోకి చూసింది. అరవై దాటినా ఒక్క మచ్చ లేని మొహం అది. ఆ పిల్ల కళ్లలో కోపం లేదు. బతిమాలే చూపు ఉంది. అది చూడలేక మారెమ్మ తల దించుకుంది.

"నానీ నిన్ను రావద్దన్నదని కోపమున్నదేమో" అంది గజాలా లేస్తూ. చున్నీ మళ్లీ కళ్ల కింది దాకా చుట్టుకుంది. "కోపం పోయినంక చెప్పు అవ్వా. ఎంత సుర్రుమన్నా ఓర్సుకుంట."